మనసు కుంగినప్పుడు బౌద్ధుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?





కాలు విరిగితే వాడంతా వచ్చి చూసి పోతుంది. షుగర్ వస్తే ఏ మాత్ర వేసుకుంటున్నామో బస్సులో పక్క సీటు మనిషికి కూడా చెబుతాం. మనసు విరిగితే మాత్రం తలుపు దగ్గరికి వేసుకుంటాం. "వాడికి మనాది పట్టింది", "ఆమెకు గాలి సోకింది", "పిల్లాడు ఎవరితోనూ మాట్లాడటం లేదు" అని లోలోపల గొణుక్కుంటాం. సంగతి చేయి దాటాక గుండెలు బాదుకుంటాం. అందుకే ఈసారి ఈ విషయాన్నే నలుగురిలో పెట్టి మాట్లాడుకుందాం.

మనసు కుంగిన మనిషికి మన ఇళ్లలో మూడు రకాల జవాబులు దొరుకుతున్నాయి. మొదటిది పాత జవాబు. మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లు, తాయెత్తు కట్టించు, కోడిని కోయి. రెండోది దీక్ష తీసుకున్నాక నేర్చుకున్న జవాబు. "ధ్యానం చెయ్యి, అన్నీ అవే పోతాయి." మూడోది ఉద్యమంలో వినిపించే జవాబు. "అంబేడ్కర్ బిడ్డవి, పోరాడేవాడివి, నీకు డిప్రెషనేంటి?"

మొదటి దారిని దీక్ష నాడే వదిలేశాం. మిగతా రెండూ మంచి కోరి చెప్పేవే. అయినా మంచి కోరి చెప్పిన మాట కూడా మంచి చేస్తోందో లేదో చూసుకోవాలి కదా. కేసపుత్త ఊళ్లో కాలాములకు బుద్ధుడు నేర్పింది అదే. పెద్దలు చెప్పారని గానీ, గ్రంథంలో ఉందని గానీ, చెప్పినాయన మన గురువని గానీ నమ్మవద్దన్నాడు. దానివల్ల మేలు జరుగుతోందా, కీడు జరుగుతోందా అని మీరే పరీక్షించుకోమన్నాడు. ఆ గీటురాయి మీదే ఈ జవాబులను గీసి చూద్దాం.

దీక్ష తర్వాత మిగిలే ఖాళీ

ముందు మన సొంత సంగతి ఒకటి ఒప్పుకుందాం. దీక్ష తీసుకున్న నాడు గూట్లోంచి పాత పటాలు తీసేశాం. బుద్ధుడి బొమ్మా, బాబాసాహెబ్ ఫొటో పెట్టుకున్నాం. జాతకం లేదు, తలరాత లేదు, పోయిన జన్మ పాపం లేదు, ఆత్మ లేదు, మొక్కితే కరిగే దేవుడు లేడు అన్నాం. ఆ రోజు భుజాల మీంచి వెయ్యేళ్ల బరువు దిగినట్టు అనిపించింది. అది నిజం.

కానీ ఇంట్లో ఒక చావు జరిగినప్పుడో, బిడ్డ పరీక్ష తప్పినప్పుడో, ఆపరేషన్ కోసం ఆసుపత్రి బెంచీ మీద రాత్రంతా కూర్చున్నప్పుడో, చేతులు అలవాటుగా జోడించబోయి ఆగిపోతాయి. ఎవరికి మొక్కాలి? అప్పుడే చుట్టాలు వస్తారు. "చూశావా, పోశమ్మకు బోనం మానేశావు, అందుకే ఇట్లయింది" అంటారు. పైకి నవ్వి పంపిస్తాం. రాత్రి పడుకున్నాక ఆ మాట మళ్లీ వచ్చి గుండెల మీద కూర్చుంటుంది.

అలా కూర్చోవడం మన విశ్వాసం తక్కువైందనడానికి గుర్తు కాదు. పాత ఊతకర్ర పారేసినవాడికి మొదట కాళ్లు వణుకుతాయి, అంతే. ఈ వణుకు గురించే పాశ్చాత్య దేశాల్లో మనో వైద్యులు కొందరు ఒక జీవితకాలం ఆలోచించారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ఎగ్జిస్టెన్షియల్ సైకోథెరపీ. మన భాషలో అస్తిత్వ మనో చికిత్స అందాం. బతకడంలోనే ఉన్న ప్రశ్నలను మాటలతో ఎదుర్కొనే వైద్యం అని దాని అర్థం. స్విట్జర్లాండ్‌లో లుడ్విగ్ బిన్స్‌వాంగర్, అమెరికాలో రోలో మే లాంటివాళ్లు దీనికి పునాది వేశారు. రోలో మే మరో ఇద్దరితో కలిసి 1958లో తెచ్చిన 'ఎగ్జిస్టెన్స్' అనే పుస్తకంతో అది ఇంగ్లిషు చదివేవాళ్లకు తెలిసింది.

నాలుగు ప్రశ్నలు, ధమ్మం చెప్పే జవాబు

ఈ వైద్యాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పినాయన ఇర్విన్ యాలోమ్. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్య ఆచార్యుడు. 1980లో వచ్చిన ఆయన గ్రంథం ప్రకారం, ఎంత ఉన్నవాడైనా ఎంత లేనివాడైనా మనిషి తప్పించుకోలేని సంగతులు నాలుగు. మరణం, స్వేచ్ఛ, ఒంటరితనం, అర్థం లేకపోవడం. చాలా దిగుళ్ల అడుగున ఈ నాలుగింటిలో ఒకటి ఉంటుందని ఆయన అంటాడు.

ఒక్కొక్కటే మన ధమ్మం పక్కన పెట్టి చూద్దాం.

మరణం. కిసాగోతమి కథ మీకు తెలుసు. చచ్చిపోయిన బిడ్డను భుజాన వేసుకుని మందు కోసం తిరిగింది. చావు లేని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. ఇక్కడ ఒకటి గమనించండి. "బిడ్డ చచ్చిపోయాడు, తెలుసుకో" అని ఆయన మొహం మీద చెప్పలేదు. మంత్రం వేస్తానని మభ్యపెట్టలేదు. ఇల్లిల్లూ తిరగనిచ్చాడు. ప్రతి గడపలో ఆమె తన లాంటి ఇంకో తల్లిని చూసింది. సత్యాన్ని తన కాళ్లతో నడిచి తానే కనుక్కుంది. మంచి అస్తిత్వ చికిత్సకుడు చేసే పని కూడా సరిగ్గా ఇదే. జవాబు నోట్లో పెట్టడు. రోగితో పాటు నడుస్తాడు.

స్వేచ్ఛ. తలరాత లేదన్న తర్వాత నా బతుకు నా చేతిలో ఉంది. వినడానికి ఇది తియ్యగా ఉంటుంది, మోయడానికి బరువుగా ఉంటుంది. తప్పు జరిగితే గ్రహాల మీద తొయ్యలేను. బుద్ధుడు చివరి రోజుల్లో ఆనందుడికి తన తర్వాత ఒక గురువును చూపించకుండా, ఎవరికి వాళ్లే వెలుగు కావాలని చెప్పింది ఈ బరువు గురించే. అయితే ఇందులో ఒక గోతి కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఒంటరితనం. ఎంత దగ్గరివాళ్లయినా నా నొప్పిని నా బదులు అనుభవించలేరు. పైగా వాడలో పది ఇళ్ల మధ్య ఒకటే బౌద్ధ కుటుంబం ఉంటే ఆ ఒంటరితనం రెండింతలు. పండక్కి పిలవరు, చావుకి వచ్చినా దూరంగా నిలబడతారు. త్రిశరణాల్లో మూడోది సంఘం ఎందుకయిందో ఇక్కడ తెలుస్తుంది. బుద్ధుడూ ధమ్మమూ చాలు అనుకుంటే మూడో శరణం అక్కర్లేదు.

అర్థం లేకపోవడం. పైన దేవుడు రాసిపెట్టిన ఉద్దేశం లేనప్పుడు ఎందుకు బతకాలి? ఈ ప్రశ్నకు తన శరీరంతో జవాబు వెతికినవాడు విక్టర్ ఫ్రాంకల్. 1905లో వియన్నా నగరంలో పుట్టిన యూదు వైద్యుడు. నాజీలు 1942లో ఆయనను కుటుంబంతో సహా తెరెజిన్‌స్టాట్‌కు తరలించారు. తర్వాత ఆష్విట్జ్‌కు, ఇంకొన్ని శిబిరాలకు. 1945లో బయటపడేసరికి తండ్రి, తల్లి, సోదరుడు, భార్య, నలుగురూ లేరు. మరుసటి ఏడాదే తన శిబిరాల అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. తన వైద్య పద్ధతికి లోగోథెరపీ అని పేరు పెట్టాడు, అంటే అర్థాన్ని వెతుక్కోవడంలో తోడు పడే వైద్యం. చేయాల్సిన పని, ప్రేమించే మనిషి, తప్పించుకోలేని బాధ ముందు మనం నిలబడే తీరు, ఈ మూడింట్లోనూ బతుక్కి అర్థం దొరుకుతుందన్నాడు.

ఫ్రాంకల్ చెప్పిన ఇంకో సంగతిని చాలామంది వదిలేస్తారు, మనం మాత్రం వదలకూడదు. తప్పించుకోగలిగిన బాధను భరిస్తూ కూర్చోవడంలో గొప్పతనం ఏమీ లేదన్నాడు. కారణాన్ని తొలగించగలిగితే ముందు తొలగించాలి. తొలగించలేని చోటనే ఓర్పుకు అర్థం ఉంది.

బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న

ఇక్కడే మనం బాబాసాహెబ్ దగ్గరికి రావాలి. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం ఆయన పరినిర్వాణం తర్వాత 1957లో అచ్చయింది. దాని ముందుమాటలో ఆయన కొన్ని ప్రశ్నలు లేవనెత్తారు. మొదటిదే సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు వదిలాడన్నది. ముసలివాణ్ణీ, రోగినీ, శవాన్నీ చూసి వదిలాడని అందరూ చెప్పే కథను బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఒక మనిషి ముసలితనాన్నీ చావునూ చూడకుండా ఉంటాడా అని అడిగారు. రోహిణి నది నీళ్ల కోసం శాక్యులూ కోలియులూ కత్తులు దూసినప్పుడు, యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు దేశం విడవాల్సి వచ్చిందని చెప్పారు.

దీన్ని చరిత్ర గురించిన తగాదాగా మాత్రమే చదివితే అసలు విషయం జారిపోతుంది. ఇది దుఃఖం గురించిన తేడా. ముసలితనం, రోగం, చావు ప్రతి మనిషికీ వచ్చేవి. నది నీళ్ల తగాదా మనుషులు మనుషుల మీదికి తెచ్చినది. దుఃఖమంటే మొదటిది మాత్రమే అయితే మనిషికి మిగిలేది ఓర్చుకోవడమే. బతుకంతా దుఃఖమేనని చెబితే ధమ్మం నిరాశ బోధ అయిపోతుందని బాబాసాహెబ్ బాధపడింది అందుకే. మనిషికీ మనిషికీ మధ్య సంబంధాన్ని సరిచేయడమే ఆయన దృష్టిలో ధమ్మానికి గుండెకాయ.

కాబట్టి అస్తిత్వ చికిత్స చెప్పే నాలుగు ప్రశ్నలు నిజమే అయినా, అవి దుఃఖంలో ఒక భాగం మాత్రమే. నన్నడిగితే దుఃఖాన్ని మూడుగా విడదీసుకుంటే మనకు దారి తెలుస్తుంది.

ఒకటి, పుట్టిన ప్రతి మనిషికీ వచ్చేది. చావు, ఎడబాటు, ముసలితనం, ఎందుకు బతకాలన్న ప్రశ్న.

రెండు, మనిషి మనిషికి పెట్టేది. కులం, ఆకలి, ఇంట్లో ఆడవాళ్ల మీద చేయి చేసుకోవడం, హాస్టల్లో ఎగతాళి, ఆఫీసులో అవమానం.

మూడు, ఒంట్లో మెదడులో వచ్చే జబ్బు. ఎవరూ లేకుండానే చెవిలో మాటలు వినిపించడం, నెలల తరబడి మంచం దిగలేని డిప్రెషన్, నిద్రే లేకుండా రోజుల తరబడి పట్టలేని ఊపు.

నిజ జీవితంలో ఈ మూడూ జడలా అల్లుకునే ఉంటాయి. అయినా ఏ పాయ ఏదో తెలియకుండా చిక్కు తీయబోతే వెంట్రుకలు తెగుతాయి. రెండో దుఃఖం ఉన్నవాడికి మొదటి దుఃఖపు మందు ఇస్తే, "అంతా అనిత్యమే, ఓర్చుకో" అన్నట్టు అవుతుంది. అది కులానికి కాపలా కాయడమే. మూడో దుఃఖం ఉన్నవాడికి రెండో దుఃఖపు మందు ఇస్తే, మాత్రలు వేసుకోవాల్సిన పిల్లాణ్ణి ధర్నాకి తీసుకెళ్లినట్టు అవుతుంది. మొదటి దుఃఖంలో ఉన్న తల్లికి మాత్ర ఒక్కటే చేతిలో పెట్టి పంపేస్తే, ఆమె ఏడుపు వినేవాళ్లే లేకుండా పోతారు.

సాయం ఎన్ని రకాలు

మనసుకు సాయం అనగానే మనకు ఎర్రగడ్డ ఒక్కటే గుర్తొస్తుంది. నిజానికి దారులు చాలా ఉన్నాయి. ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాడు. హైదరాబాద్ హాస్టల్లో ఉంటాడు. ఒక సబ్జెక్టు తప్పాడు. గదిలో వాళ్లు రిజర్వేషన్ మీద జోకులేస్తారు. నిద్ర పట్టదు, తిండి సయించదు, ఇంటికి ఫోన్ చేయడం మానేశాడు. వీడికి ఒక్కొక్కరు ఎలా సాయం చేస్తారో చూద్దాం.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యం చదివిన డాక్టరు. నిద్ర, ఆకలి, బరువు, చచ్చిపోవాలన్న ఆలోచన ఉందా, ఇవన్నీ అడుగుతాడు. అవసరమైతే మందు రాస్తాడు. డిప్రెషన్ మందులు వేసుకున్న రోజే పని చేయవు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిందని సొంతంగా ఆపేస్తే మళ్లీ తిరగబెట్టవచ్చు.

ఫ్రాయిడ్ దారిలో వెళ్లేవాడు చిన్నప్పటి నుంచి మనసు అడుగున దాగినదాన్ని తవ్వుతాడు. మన దేశంలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో దీనికొక సంఘం పెట్టాడు. చాలా కాలం, చాలా డబ్బు పట్టే దారి ఇది.

ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ అనే ఇద్దరు అమెరికన్లు 1950లు, 60లలో వేరే దారి వేశారు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న సీబీటీ అందులోంచే వచ్చింది. సంఘటన కన్నా దాని గురించి మనం చెప్పుకునే మాట మనల్ని ఎక్కువ కుంగదీస్తుందని వీళ్లంటారు. "ఒక సబ్జెక్టు తప్పాను" అన్నది నిజం. "నేను దేనికీ పనికిరాను" అన్నది దానికి మనం తగిలించిన తోక. ఆ తోకను పట్టుకుని నిజమో కాదో పరీక్షించడం నేర్పుతారు. రెండు బాణాల గురించి బుద్ధుడు చెప్పింది గుర్తుందా? మొదటి బాణం ఒంటికి తగిలిన నొప్పి. రెండోది ఆ నొప్పి మీద మనసు మళ్లీ వేసుకునే బాణం. బెక్ పద్ధతి ఆ రెండో బాణాన్ని తీయడానికి పనికొస్తుంది.

కార్ల్ రోజర్స్ దారి ఇంకొకటి. ఈ దారిలో నడిచేవాడు సలహా ఇవ్వడు, తీర్పు చెప్పడు. కుర్రాడు చెప్పేది పూర్తిగా, గౌరవంగా వింటాడు. పుట్టినప్పటి నుంచీ గౌరవం కరువైన మనిషికి గంటసేపు అలా విన్నా సగం వైద్యం జరిగినట్టే.

అస్తిత్వ చికిత్సకుడు ఏమడుగుతాడు? "నువ్వు ఎవరి కోసం ఈ చదువు చదువుతున్నావు? రేపు నీ బతుకు ఎలా ఉంటే అది నీదనిపిస్తుంది? దేనికి భయపడుతున్నావు?" ఈ ప్రశ్నలకు జవాబు ఒక్క రోజులో రాదు. కానీ అమ్మానాన్నల ఆశను మాత్రమే మోస్తున్న కుర్రాడు, తన సొంత ఆశ ఏదో మొదటిసారి వెతుక్కుంటాడు.

ఇక ధ్యానం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన, తగ్గని నొప్పులతో బాధపడే రోగులకు బౌద్ధ స్మృతి సాధనను ఒక శిక్షణగా నేర్పడం మొదలుపెట్టాడు. తర్వాత దాన్నీ బెక్ పద్ధతినీ కలిపి డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల కోసం ఇంకో శిక్షణ తయారైంది. ఇది మన ధమ్మ సంపదే, గర్వపడదాం. కానీ ఒక వివరం చూడండి. ఆ రెండో శిక్షణను మొదట తయారు చేసింది డిప్రెషన్ నుంచి కోలుకున్నవాళ్లకు, మళ్లీ రాకుండా ఉండటానికి. నిండా మునిగి ఉన్నవాణ్ణి ఒంటరిగా కళ్లు మూసుకుని కూర్చోమంటే చీకటి ఇంకా చిక్కబడవచ్చు. పది రోజుల విపశ్యన శిబిరాల దరఖాస్తులో మానసిక జబ్బుల గురించి ముందే అడిగేది ఇందుకే. కాబట్టి "ధ్యానం చెయ్యి, అన్నీ అవే పోతాయి" అన్న రెండో జవాబు సగమే నిజం. ఈత నేర్చుకుంటే మంచిదే. కానీ మునిగిపోతున్నవాడికి ముందు చెయ్యి అందించాలి, పాఠం తర్వాత.

జోకులేసేవాళ్ల సంగతేంటి?

పైన చెప్పినవాళ్లందరూ ఆ కుర్రాడి మనసును సరిచేస్తారు. గదిలో జోకులేసేవాళ్లను ఎవరు సరిచేస్తారు? ఇందాక స్వేచ్ఛలో గోతి ఉందన్నది ఇదే. "నీ బతుకు నీ చేతిలో ఉంది" అన్న మాట, కులం గురించి తెలియని కౌన్సెలర్ నోట్లో పడితే "తప్పంతా నీదే" అయిపోతుంది. పోయిన జన్మ కర్మ అన్నవాళ్లు పాత బట్టల్లో చెప్పిన మాటనే వీళ్లు కొత్త బట్టల్లో చెప్పినట్టు అవుతుంది.

దీన్ని అందరికన్నా పదునుగా చెప్పిన మానసిక వైద్యుడు ఫ్రాంజ్ ఫనాన్. 1925లో మార్టినిక్ దీవిలో పుట్టిన నల్లజాతివాడు. 1953లో ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలో, బ్లిదా ఊళ్లోని మానసిక ఆసుపత్రిలో చేరాడు. అక్కడ ఒక వింత చూశాడు. ఫ్రాన్స్ నుంచి తెచ్చిన చికిత్స పద్ధతులు యూరప్ ఆడవాళ్ల వార్డులో బాగా పని చేశాయి. అదే పద్ధతులు అల్జీరియా మగవాళ్ల వార్డులో పని చేయలేదు. లోపం రోగుల్లో కాదు, పరాయి బతుకు నుంచి తెచ్చిన పద్ధతిలో ఉందని ఫనాన్ గ్రహించాడు. వాళ్ల ఊళ్లల్లో ఉండే కాఫీ హోటల్ లాంటిది ఆసుపత్రిలోనే పెట్టించాడు. వాళ్ల పండగలు చేయించాడు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. అప్పుడు వాళ్లు కదిలారు. 1956లో ఫనాన్ ఆ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. మనిషిని తన సొంత నేల మీదే పరాయివాణ్ణి చేసే పాలన నడుస్తుంటే, ఒక్కొక్క రోగినీ బాగుచేసి మళ్లీ అందులోకే పంపడంలో అర్థం లేదని ఆయన భావించాడు. అదే 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలాది మందితో ధమ్మదీక్ష తీసుకున్నారు. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరూ పట్టుకున్నది ఒకే నిజం. అవమానం వల్ల వచ్చిన జబ్బు, అవమానం పోకుండా పూర్తిగా నయం కాదు.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మనల్ని విడిచి వెళ్లాడు. అదే ఏడాది ఏప్రిల్ 14న ఆయన తల్లి రాధిక గారు, తమ్ముడు రాజా ముంబైలో బౌద్ధం స్వీకరించారు. అలాంటి బిడ్డలను తలచుకున్నప్పుడల్లా మనం న్యాయం అడుగుతాం, అడగాలి కూడా. దానితో పాటు ఇంకో పని ఉంది. ఈ రాత్రి ఏదో హాస్టల్ గదిలో ఒంటరిగా కూర్చున్న బిడ్డను రేపటిదాకా నిలబెట్టుకోవడం. వ్యవస్థ మారేదాకా ఆగమని ఆ బిడ్డకు చెప్పలేం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం వ్యవస్థను క్షమించడం కాదు. కేసు పెట్టడం కౌన్సెలింగ్‌కు బదులు కాదు. రెండు చేతులతో చేయాల్సిన పనికి ఒక చెయ్యి చాలదు.

"పోరాడేవాడికి డిప్రెషనేంటి" అనే మూడో జవాబుకు బాబాసాహెబ్ బతుకే జవాబు. 1917లో బరోడాలో పార్సీల సత్రం నుంచి కర్రలు పట్టుకున్నవాళ్లు వెళ్లగొట్టినప్పుడు, విదేశంలో చదివొచ్చిన ఆ యువకుడు ఊరి తోటలో కూర్చుని ఏడ్చారు. ఆ సంగతి గుర్తొస్తే ఏళ్ల తర్వాత కూడా కళ్లు తడవకుండా ఉండవని ఆయనే రాసుకున్నారు. అయిదుగురు పిల్లల్లో నలుగురిని పోగొట్టుకున్నారు. 1935లో రమాబాయి తల్లి పోయారు. ఆయన దుఃఖాన్ని దాచుకోలేదు. ఆయన ఏడవగా లేనిది, మన బిడ్డలు ఏడిస్తే పరువు పోతుందా?

మరి ఏం చేద్దాం?

ముందు, ప్రమాద గుర్తులు తెలుసుకుందాం. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, పని, మాట దెబ్బతింటే డాక్టరుకు చూపించాలి. "నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుంది" అన్న మాట వినిపిస్తే, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తుంటే, అది నాటకమని కొట్టిపారేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా, ప్రేమగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికొచ్చి కాస్త తేలికవుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ నంబరును ప్రతి విహారం గోడ మీద, ప్రతి అంబేడ్కర్ భవనం నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కూడా మానసిక విభాగం ఉంటుంది. అక్కడికి వెళ్లినంత మాత్రాన ఎవరూ పిచ్చివాళ్లయిపోరు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనకు తెలిసి ఉండాలి. కులం పేరుతో, మతం పేరుతో, పేదరికం పేరుతో తేడా చూపకుండా వైద్యం పొందడం హక్కు అని అది చెబుతోంది. రోగి సంగతులు గుట్టుగా ఉంచాలని చెబుతోంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్షించకుండా ఆదుకోవాలని చెబుతోంది.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. ఏం చదివారు, ఏ పద్ధతిలో సాయం చేస్తారు అని అడగండి. మీ కులం అనుభవం చెప్పినప్పుడు "అవన్నీ ఇప్పుడెక్కడున్నాయి" అని కొట్టిపారేస్తే ఇంకొకరిని చూసుకోండి. ఒక చెప్పు సరిపోకపోతే చెప్పుల దుకాణం మారుస్తాం, నడక మానం కదా. అవమానం చేసినవాళ్ల సంగతికి 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అది వేరే గుమ్మం, ఆ గుమ్మం కూడా తట్టండి.

ఇక విహారం చేయాల్సిన పని. ఆదివారం వందన అయ్యాక అరగంట ఎవరి మనసులో మాట వాళ్లు చెప్పుకునేలా గుండ్రంగా కూర్చోండి. సలహాలు వద్దు, తీర్పులు వద్దు, విన్నది బయట చెప్పవద్దు. బ్లిదాలో ఫనాన్ పెట్టించిన కాఫీ హోటల్ మనకు విహారమే. చావు జరిగిన బౌద్ధ ఇంటికి మొదటి రోజు వెళ్లి ఊరుకోకండి. నెల తర్వాత, చుట్టాలందరూ వెళ్లిపోయాక, ఇల్లు నిశ్శబ్దమయ్యాక వెళ్లండి. పోశమ్మ కోపమన్న మాట ఆ తల్లి గుండెల మీద కూర్చునేది అప్పుడే.

బాబాసాహెబ్ తన గ్రంథం ఎనిమిదో భాగంలో బుద్ధుణ్ణి మానసిక దుఃఖాన్ని మాన్పే వైద్యుడిగా చూపించారు. మనవరాలు పోయి తడి బట్టలతో వచ్చిన విశాఖను, బిడ్డ పోయిన కిసాగోతమిని ఆయన ఓదార్చిన తీరు అక్కడ రాశారు. వాటి తర్వాతే రోగుల పట్ల ఆయన శ్రద్ధ గురించి రాశారు. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందుడితో నీళ్లు తెప్పించి తన చేతులతో కడిగిన కథ మనకు తెలిసిందే. తర్వాత సంఘాన్ని కూర్చోబెట్టి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరే ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని అడిగాడు.

ఆ ప్రశ్న ఇప్పుడు మనకే. దేవుణ్ణి వదిలినవాళ్లం, మనిషిని వదిలితే మనకు మిగిలేది ఏముంది? ఈ కాగితం చదవడం అయ్యాక ఒక పని చేయండి. కొన్నాళ్లుగా విహారానికి రాని మనిషి ఒకరు మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటారు. ఎందుకు రావడం లేదని నిలదీయడానికి కాదు, ఎలా ఉన్నావని అడగడానికి, ఈరోజే వాళ్ల ఇంటికి వెళ్లండి.

జై భీమ్! నమో బుద్ధాయ!